ఇతరుల వెబ్‌పేజీలో బ్రౌజర్ వేలు పెట్టవచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకరు రాసి పెట్టిన పేజీని బ్రౌజర్ మార్చవచ్చా, దానిమీద వ్యాఖ్యలు చేర్చవచ్చా, చేరిస్తే ఎవరి అనుమతితో అన్న విషయంపై పదేపదే వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ఇవి తటస్థంగా ఉండే జవాబులు కావు. తన తెరమీద పేజీ ఎలా కనిపించాలో నిర్ణయించుకునే హక్కు చదివేవారిదే అని నేను గట్టిగా నమ్ముతాను. ఆ హక్కును చదివేవారి పేరు చెప్పి బ్రౌజర్ కంపెనీ వాడుకోకూడదని అంతే గట్టిగా నమ్ముతాను.

సైటు వాళ్లు పంపిన పేజీనే కదా నేను చూసేది? బ్రౌజర్ మార్చేదేముంది?

సైటు పంపేది తయారైన బొమ్మ కాదు, సూచనలు. ఏ అక్షరాలు ఏ క్రమంలో, ఏ రంగులో, ఏ సైజులో రావాలో హెచ్‌టీఎంఎల్ (పేజీలోని విషయం), సీఎస్ఎస్ (దాని రూపం) అనే కోడ్‌గా వస్తాయి. వాటిని చదివి తెరమీద పేజీగా కట్టేది బ్రౌజరే. అదే పేజీ ఫోన్‌లో ఒకలా, పెద్ద మానిటర్‌లో ఇంకోలా కనిపించడం, చూపు లేనివారికి స్క్రీన్ రీడర్ గొంతులో వినిపించడం, అన్నీ అందువల్లే సాధ్యమవుతున్నాయి. కాబట్టి "బ్రౌజర్ ఏమీ మార్చకూడదు" అని నియమం పెడితే అది మొదటి రోజే కూలిపోతుంది.

అంతటితో ఆగని పనులూ ఉన్నాయి. ఐఫోన్‌లోని సఫారీ ఫోన్ నంబరులా కనిపించే అంకెలను తానే లింకుగా మార్చేస్తుంది. క్రోమ్ పేజీ మొత్తాన్ని ఇంకో భాషలోకి తిప్పుతుంది. 2010లో సఫారీ 5తో వచ్చిన రీడర్, చుట్టూ ఉన్న హడావుడి అంతా తీసేసి వ్యాసం ఒక్కటే చూపిస్తుంది. 2004లో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పాప్-అప్ కిటికీలను ఆపడం మొదలుపెట్టింది. వీటిలో చాలావాటిని మార్పులుగా గుర్తించడం కూడా మనం మానేశాం.

అయితే గొడవ దేని గురించి?

ఎవరు అడిగారు, ఎవరికి లాభం, ఎవరి మాటలో చూసేవారికి తెలుస్తోందా అన్న వాటి గురించి. అక్షరాలు పెద్దవి చేయమని మీరు అడిగితే బ్రౌజర్ మీ పని చేసింది. మీరు అడగకుండానే ఒక వ్యాసంలోని పదాలను తన భాగస్వామి దుకాణానికి లింకులుగా మారిస్తే, అది మీ పని కాదు. పైగా ఆ లింకు వ్యాసకర్తే పెట్టాడని మీరు అనుకుంటారు. సాంకేతికంగా రెండూ ఒకే రకం పని, పేజీని తెరమీద కట్టేటప్పుడు కాస్త కోడ్ కలపడం. తేడా అంతా అధికారం ఎవరి దగ్గర ఉందన్న దాంట్లోనే ఉంది.

ఈ మూడింటిలో దేనికి ఎక్కువ బరువు ఇస్తానని అడిగితే, మొదటిదానికి. చాలామంది సెట్టింగ్స్ జోలికి పోరు. ముందే ఆన్ చేసి ఇచ్చింది అలాగే ఉండిపోతుంది. కోట్లమంది వాడే బ్రౌజర్‌లో డిఫాల్ట్‌గా వచ్చే ప్రతి మార్పూ, ఆ కోట్లమంది తరఫున ఒక కంపెనీ గదిలో తీసుకున్న నిర్ణయం. "యూజర్ కావాలంటే ఆఫ్ చేసుకోవచ్చు కదా" అన్న సమాధానం నాకు ఎప్పుడూ సరిపోలేదు.

ఇది కొత్తగా వచ్చిన సమస్యా?

కాదు. 2001లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీతో పాటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6ను సిద్ధం చేస్తూ, పరీక్షల కోసం విడుదల చేసిన వెర్షన్లలో స్మార్ట్ ట్యాగ్స్ అనే సౌకర్యం పెట్టింది. మీరు ఏ సైటులో ఏ పేజీ చదువుతున్నా, కంపెనీ పేర్ల వంటి కొన్ని పదాల కింద ఊదారంగు గీత పడేది. దానిమీద మౌస్ పెడితే చిన్న మెనూ తెరుచుకుని కొన్ని లింకులు చూపించేది. ఆ లింకులు వ్యాసం రాసినవారు ఎంచుకున్నవి కావు, మైక్రోసాఫ్ట్, దాని భాగస్వాములు ఎంచుకున్నవి.

2001 జూన్‌లో వాల్ స్ట్రీట్ జర్నల్ కాలమిస్టు వాల్టర్ మోస్‌బర్గ్ దీన్ని తీవ్రంగా విమర్శించారు. వెబ్ డిజైనర్లు, ప్రచురణకర్తలు గొంతు కలిపారు. అదే నెల చివరికల్లా మైక్రోసాఫ్ట్ ఆ సౌకర్యాన్ని బ్రౌజర్ నుంచి తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఆఫీస్ ఎక్స్‌పీలో మాత్రం అది కొనసాగింది. అక్కడ ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. వర్డ్‌లో మీరు రాసుకునే పత్రం మీది. ఇంకొకరి పత్రిక వ్యాసం మీద గీతలు గీయడం వేరు. అప్పట్లో వెబ్ చూసేవారిలో అత్యధికులు వాడేది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరే కాబట్టి భయం ఇంకా పెరిగింది. ఒకే కంపెనీకి ప్రపంచంలోని పేజీలన్నిటి మీదా ఎర్రసిరా పెన్ను ఇచ్చినట్టు అవుతుందని జనం అర్థం చేసుకున్నారు. ఆ భయం నిజమైనదే.

గూగుల్ కూడా ఇలాంటిదే చేసింది కదా?

చేసింది. 2005 ఫిబ్రవరిలో, బ్రౌజర్‌కు జతచేసుకునే గూగుల్ టూల్‌బార్ కొత్త పరీక్షా వెర్షన్‌లో (బీటాలో) ఆటోలింక్ అనే బటన్ వచ్చింది. పేజీలో అమెరికా చిరునామా ఉంటే మ్యాప్‌కు, పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరు ఉంటే అమెజాన్‌కు, పార్సిల్ నంబరు ఉంటే దాన్ని ట్రాక్ చేసే పేజీకి లింకు వేసేది. మళ్లీ అదే రకం గొడవ జరిగింది.

స్మార్ట్ ట్యాగ్స్‌తో పోలిస్తే ఇక్కడ ఒక తేడా ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. బటన్ నొక్కితేనే ఆటోలింక్ పనిచేసేది. చదివేవారు అడిగారు, జరిగింది. చిరునామాను కాపీ చేసి మ్యాప్‌లో పేస్ట్ చేసే శ్రమను సాఫ్ట్‌వేర్ తగ్గిస్తే దాన్ని తప్పు అనలేను. ఇబ్బంది గమ్యం దగ్గర వస్తుంది. పుస్తకాలు అమ్ముకునే ఒక చిన్న సైటు తన పేజీలో ఐఎస్‌బీఎన్ రాసుకుంటే, అదే పేజీ నుంచి కొనేవారిని అమెజాన్‌కు పంపే తలుపు తెరుచుకుంది. "నాకు లింకు కావాలి" అని మాత్రమే చదివేవారు అన్నారు. "ఫలానా దుకాణానికి కావాలి" అని ఎవరూ అనలేదు. గమ్యాన్ని చదివేవారే ఎంచుకునే వీలు ఉంటే, ఆ ఎంపిక జరిగేదాకా ఏ దుకాణమూ ముందే సిద్ధంగా కూర్చోకుండా ఉంటే, నాకు అభ్యంతరం ఉండేది కాదు.

2024 నవంబరులో కథ ఇంకోసారి మొదలైంది. ఐఫోన్‌లోని గూగుల్ యాప్‌లో తెరిచిన పేజీల్లో వ్యక్తులు, ప్రదేశాలు, వస్తువుల పేర్లను గుర్తించి వాటిని గూగుల్ సెర్చ్ ఫలితాలకు లింకులుగా మార్చే సౌకర్యం తెచ్చారు. వద్దనుకునే సైటు యజమానులు ఒక ఫారం నింపాలి. 23 ఏళ్ల క్రితం మైక్రోసాఫ్ట్ వెనక్కి తీసుకున్నదానికి ఇది చాలా దగ్గరగా ఉంది, కానీ ఈసారి వచ్చిన నిరసన అంతకంటే చాలా చిన్నది. మనం అలవాటు పడిపోయామేమోనని దిగులుగా ఉంది.

వద్దనుకునే యజమాని ఒక ట్యాగ్ పెట్టుకుంటే సరిపోదా?

సరిపోదు. స్మార్ట్ ట్యాగ్స్ కాలంలోనూ ఇదే సమాధానం ఇచ్చారు: పేజీ తలలో ఒక మెటా ట్యాగ్ (చదివేవారికి కనిపించకుండా బ్రౌజర్‌కు సూచన ఇచ్చే కోడ్) రాస్తే గీతలు పడవని. సఫారీ ఫోన్ నంబర్లకు ఒక మెటా ట్యాగ్, క్రోమ్ అనువాదానికి ఇంకోటి, గూగుల్ యాప్‌కు ఫారం. ఇలా ప్రతి కంపెనీ తనకు తోచిన తాళం తయారుచేసి, దాన్ని కొనుక్కునే బాధ్యత మన నెత్తిన పెడితే లెక్క తేలేదెప్పుడు?

అసలు బాధ ఇంకోచోట ఉంది. వెబ్‌లో ఉన్న పేజీల్లో ఎన్నింటికో ఇప్పుడు చూసుకునేవారు లేరు. రాసినవారు చనిపోయి ఉండవచ్చు, సంస్థ మూతపడి ఉండవచ్చు, లాగిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరా ఉండకపోవచ్చు. వాళ్లు వచ్చి ట్యాగ్ పెట్టలేరు. మౌనాన్ని అంగీకారంగా తీసుకునే పద్ధతి ముందుగా నోరు లేనివారినే దెబ్బతీస్తుంది.

అలాగని చదివేవారు స్వయంగా అడిగిన మార్పును యజమాని ట్యాగ్ పెట్టి ఆపడం కూడా న్యాయం కాదు. నా కళ్లకు అక్షరాలు కనిపించకపోతే పెద్దవి చేసుకోవడానికి నేను ఎవరి అనుమతీ అడగను.

ప్రకటనలను ఆపే యాడ్ బ్లాకర్ కూడా ఇతరుల పేజీని మార్చడమే కదా? దాన్ని సమర్థిస్తూ స్మార్ట్ ట్యాగ్స్‌ను తప్పు పట్టడం రెండు నాల్కల ధోరణి కాదా?

అందరికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. తేలిగ్గా కొట్టిపారేసేది కూడా కాదు.

వచ్చినదాన్ని చూడకపోవడం వేరు, రానిదాన్ని వచ్చినట్టు చూపించడం వేరు. ఒక ప్రకటనను నా కంప్యూటర్ తెరవకపోతే రచయిత మాటల్లో ఏమీ మారదు. ఆయన అననిది ఆయన నోట పెట్టినట్టు కాదు. పైగా యాడ్ బ్లాకర్ ఎవరికీ తెలియకుండా వచ్చి కూర్చోదు, చాలామంది దాన్ని వెతికి తెచ్చి పెట్టుకుంటారు.

వెబ్ పునాదుల్లోనే ఈ ఆలోచన ఉంది. 1996లో వచ్చిన మొదటి సీఎస్ఎస్ ప్రమాణం పేజీ రచయితకే కాకుండా చదివేవారికి కూడా సొంత స్టైల్ షీట్ (రంగులు, సైజుల సూచనల జాబితా) పెట్టుకునే అవకాశం ఇచ్చింది. ఇద్దరూ "ఇది ముఖ్యం" అని పట్టుబడితే ఎవరి మాట నెగ్గాలి? మొదటి వెర్షన్ రచయిత వైపు నిలబడింది. 1998లో వచ్చిన సీఎస్ఎస్ 2 దాన్ని తిరగేసి చదివేవారి మాటే చివరిమాట చేసింది. చూపు తక్కువైనవారు తమకు కావలసిన రంగులు, సైజులు పెట్టుకోగలగాలన్నది దానికి ముఖ్య కారణం. 2020 ఆగస్టులో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 8890 అనే పత్రం ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించేవారికి చెప్పిందీ ఇదే: ప్రయోజనాలు ఢీకొన్నప్పుడు చివర ఉన్న వాడుకరికే పెద్దపీట వేయండి అని.

నష్టం లేదని మాత్రం అనను. ప్రకటనల ఆదాయం మీదే నడిచే పత్రికలకు యాడ్ బ్లాకర్ల వల్ల నిజంగా గండి పడుతోంది. ఆ పత్రికలు ప్రకటనలు ఆపినవారికి పేజీ చూపించకపోయినా, చందా అడిగినా వాళ్లకు ఆ హక్కు ఉంది. బ్లాకర్ వాడేవారు దానికి నొచ్చుకోకూడదు.

నా సమర్థన ఆగిపోయే చోటు ఒకటుంది: సైటు ప్రకటన తీసేసి అక్కడ తన ప్రకటన పెట్టుకోవడం. 2000 దశకం మొదట్లో గేటర్ అనే సాఫ్ట్‌వేర్ పేజీల్లోని ప్రకటనలకు పోటీగా తన సొంత ప్రకటనలు చూపించేది. వాషింగ్టన్ పోస్ట్ సహా పలు ప్రచురణ సంస్థలు 2002లో కోర్టుకు వెళ్లాయి, ఆ మరుసటి ఏడాది రాజీ కుదిరింది. 2016లో బ్రేవ్ బ్రౌజర్, పేజీలోని ప్రకటనలు తీసేసి తన నెట్‌వర్క్ ప్రకటనలు పెడతానని ప్రకటించినప్పుడు 17 అమెరికా వార్తాపత్రిక సంస్థలు దాన్ని మానుకోమని లేఖ రాశాయి. తీసేయడం చదివేవారి కోరిక. ఆ ఖాళీని అమ్ముకోవడం చదివేవారి కోరిక కాదు. ఆ లేఖ రాసినవారి పక్షాన నేను ఉన్నాను.

చట్టం ఏమంటోంది?

దేశానికో మాట. జర్మనీలో ఆక్సెల్ స్ప్రింగర్ అనే ప్రచురణ సంస్థ యాడ్‌బ్లాక్ ప్లస్ తయారీదారు ఐయో మీద ఏళ్ల తరబడి పోరాడింది. 2018 ఏప్రిల్‌లో అక్కడి అత్యున్నత సివిల్ కోర్టు, యాడ్ బ్లాకర్ అన్యాయమైన పోటీ కిందికి రాదని చెప్పింది. తర్వాత అదే సంస్థ కాపీరైట్ దారి పట్టింది. వెబ్‌పేజీ కూడా ఒక కంప్యూటర్ ప్రోగ్రామే, బ్రౌజర్ మెమరీలో దాన్ని మార్చడం అనుమతి లేని సవరణే అన్నది వాదన. కింది కోర్టులు ఒప్పుకోలేదు. 2025 జూలైలో అత్యున్నత కోర్టు ఆ తీర్పును కొంతమేర పక్కనపెట్టి, మళ్లీ పరిశీలించమని పంపింది.

ఆ వాదన నెగ్గితే చిక్కు యాడ్ బ్లాకర్లతో ఆగదు. అనువాదం, డార్క్ మోడ్, స్క్రీన్ రీడర్‌కు సాయపడే ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కు జతచేసుకునే చిన్న ప్రోగ్రాములు), అన్నీ మెమరీలోని పేజీని మార్చేవే. 2024 అక్టోబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం సోనీ ప్లేస్టేషన్ పోర్టబుల్ కేసులో, ప్రోగ్రామ్ కోడ్‌ను ముట్టకుండా అది నడుస్తున్నప్పుడు మెమరీలోని విలువలను మార్చడం కాపీరైట్ ఉల్లంఘన కాదని చెప్పింది. ఈ దారే సరైనదని నా నమ్మకం. అమెరికాలో 2005లో ఒక అప్పీలు కోర్టు, కాంటాక్ట్ లెన్సుల సైటు తెరిచినప్పుడు పోటీదారు ప్రకటన పాప్-అప్‌గా చూపించిన వెన్‌యూ సంస్థ ట్రేడ్‌మార్క్ ఉల్లంఘించలేదంది. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన అది మంచి పని అయిపోదు.

పేజీని మార్చకుండా పక్కన వ్యాఖ్య రాస్తే?

అది నాకు ఇష్టమైన పని. మన కావ్యాలకు టీకా తాత్పర్యాలు రాసినవారు పద్యాన్ని పద్యంగా ఉంచి, తమ మాట విడిగా రాశారు. చదివేవారికి ఏది కవిదో, ఏది వ్యాఖ్యాతదో తెలుస్తుంది. ఎవరో తమ పద్యాన్ని కవి పద్యాల మధ్య దూర్చితే అది ప్రక్షిప్తం. వెబ్‌లోనూ పరీక్ష ఇదే.

వెబ్‌కు ఈ కోరిక మొదటినుంచీ ఉంది. 1993లో మొజాయిక్ బ్రౌజర్ తొలి వెర్షన్లలోనే పేజీలకు నోట్స్ జతచేసే సౌకర్యం ఉంది. నలుగురు పంచుకునే నోట్స్ ప్రయత్నం మాత్రం ముందుకు సాగలేదు. 1999లో వచ్చిన థర్డ్ వాయిస్ ఏ పేజీ మీదైనా అందరికీ కనిపించే నోట్స్ అతికించనిచ్చింది, 2001లో మూతపడింది. 2009లో గూగుల్ సైడ్‌వికీ వచ్చింది, 2011లో వెళ్లిపోయింది. అదే 2011లో మొదలైన హైపోథెసిస్ అనే లాభాపేక్ష లేని ప్రాజెక్టు నిలదొక్కుకుంది. విద్యార్థులు, పరిశోధకులు, అధ్యాపకులు దాన్ని విరివిగా వాడుతున్నారు. 2017 ఫిబ్రవరిలో, వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ వెబ్ వ్యాఖ్యలకు ఒక ప్రమాణాన్ని కూడా ఖరారు చేసింది. దాని ప్రకారం వ్యాఖ్యను పేజీలో కలపకుండా వేరే సర్వర్‌లో ఉంచవచ్చు. ఏ పేజీలోని ఏ వాక్యానికి సంబంధించిందో గుర్తు మాత్రం రాసుకుంటుంది.

పోయినవాటి వల్ల ఒక విషయం అర్థమైంది. అపరిచితులంతా ఒకే పొరలో ఏ పేజీ మీదైనా రాయవచ్చంటే అది త్వరగా గోడ మీది రాతల్లా తయారవుతుంది. ఒక తరగతి, ఒక పరిశోధక బృందం, ఒక చదువరుల గుంపు కలిసి రాసుకుంటే విలువ వస్తుంది.

నా పేజీ మీద ఎవరో అవమానకరంగా రాస్తున్నారు. నేను దాన్ని తీసేయలేను. ఇది న్యాయమా?

ఈ బాధను తేలిగ్గా తీసుకోవద్దు. మీ రాతను ఇంకోచోట విమర్శిస్తే ఒకలా ఉంటుంది. మీ వాక్యం పక్కనే, మీ పేజీ మీదే ఉన్నట్టు కనిపిస్తే ఇంకోలా ఉంటుంది. 2016లో జీనియస్ సంస్థ వ్యాఖ్యల సాధనం మీద ఇదే అభ్యంతరం వచ్చింది. వేధింపులకు గురైన విషయాల గురించి, సొంత ఆరోగ్యం గురించి రాసేవారు తమ పేజీ మీద తాము ఆపలేని వ్యాఖ్యలు కనిపించడం చూసి భయపడ్డారు. 2019లో గ్యాబ్ అనే సోషల్ మీడియా సంస్థ తెచ్చిన డిసెంటర్ ఎక్స్‌టెన్షన్ ఏ పేజీకైనా వ్యాఖ్యల పొర జతచేసేది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ తమ స్టోర్ల నుంచి దాన్ని తీసేశాయి.

విమర్శను ఆపే హక్కు రచయితకు ఉండకూడదు. ప్రభుత్వ ప్రకటన మీద, కంపెనీ వాగ్దానం మీద వాస్తవాలు రాయాలంటే వాళ్ల అనుమతి అడగాల్సి వస్తే ఇక వ్యాఖ్యకు అర్థం లేదు. కానీ సాధనం నడిపేవారికి బాధ్యత ఉంది. ఫిర్యాదు చేసే దారి ఉండాలి, వేధింపు అయితే తీసేయాలి. ఆ పొరను తానుగా తెరిచినవారికే అది కనిపించాలి. బ్రౌజర్ దాన్ని అందరికీ ముందే తెరిచి పెట్టిన రోజున మాత్రం నేను ఆ రచయిత పక్షాన నిలబడతాను.

ఎక్స్‌టెన్షన్ నేనే పెట్టుకున్నాను. ఇక దిగులు లేదు కదా?

నీతి పరంగా లేదు. జాగ్రత్త పరంగా ఉంది. "అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవడం, మార్చడం" అని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కనిపించే వాక్యాన్ని ఉన్నదున్నట్టు నమ్మండి. మీ బ్యాంకు పేజీ కూడా అందులోకే వస్తుంది. మంచి పేరున్న ఎక్స్‌టెన్షన్ చేతులు మారవచ్చు, కొత్త యజమాని అప్‌డేట్ మీకు తెలియకుండానే రావచ్చు.

మార్పు ఎంత మర్చిపోదగ్గదో చెప్పే ఉదాహరణ 2018 మార్చిలో న్యూయార్క్ టైమ్స్‌లో జరిగింది. పేజీల్లోని పదాలను సరదాగా మార్చే ఒక ఎక్స్‌టెన్షన్ ఉన్న కంప్యూటర్ వల్ల, "గ్రేట్ రిసెషన్" అని ఉండాల్సిన చోట "టైమ్ ఆఫ్ షెడ్డింగ్ అండ్ కోల్డ్ రాక్స్" అని ప్రచురితమైంది. పత్రిక సవరణ వేయాల్సి వచ్చింది. తెరమీద మారిన మాట ఎడిటర్ చేతి మీదుగా అసలు వ్యాసంలోకే వెళ్లిపోయింది. మార్చిన చోట ఏదో ఒక గుర్తు కనిపించాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

హెచ్‌టీటీపీఎస్ ఉంటే మధ్యలో ఎవరూ మార్చలేరు కదా?

దారిలో మార్చలేరు. హెచ్‌టీటీపీఎస్ అంటే సైటుకు, బ్రౌజర్‌కు మధ్య పేజీ తాళం వేసి ప్రయాణించడం. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు పేజీల్లోకి తమ స్క్రిప్టులు దూర్చిన రోజులు ఉన్నాయి. హెచ్‌టీటీపీఎస్ వ్యాపించాక ఆ దారి చాలావరకు మూసుకుపోయింది. కానీ తాళం తెరుచుకునేది బ్రౌజర్‌లోనే. అక్కడినుంచి పేజీ దాని చేతిలో ఉంటుంది.

2014 చివర, 2015 మొదట్లో లెనోవో కొన్ని ల్యాప్‌టాప్‌లను సూపర్‌ఫిష్ అనే సాఫ్ట్‌వేర్‌తో అమ్మింది. అది కంప్యూటర్‌లో తన సొంత రూట్ సర్టిఫికెట్ (ఏ సైటును అసలుదిగా నమ్మాలో బ్రౌజర్‌కు చెప్పే పత్రం) పెట్టి, సురక్షిత పేజీలను కూడా మధ్యలో తెరిచి ప్రకటనలు చేర్చేది. అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ఒకే రహస్య కీ ఉండటంతో, ఆ కీ బయటపడ్డాక ఎవరైనా నకిలీ బ్యాంకు పేజీని అసలుదిగా చూపించగలిగే పరిస్థితి వచ్చింది. అమెరికా వాణిజ్య కమిషన్‌తో లెనోవో 2017లో రాజీ చేసుకుంది. ప్రకటనలు పెట్టాలన్న చిన్న ఆశ కోసం తాళాల వ్యవస్థనే బద్దలు కొట్టారు.

సోషల్ మీడియా యాప్‌లలో లింకు నొక్కితే లోపలే తెరుచుకునే బ్రౌజర్లు కూడా ఈ కోవలోవే. అవి పేజీలోకి తమ కోడ్ చేర్చగలవని 2022లో పరిశోధకులు చూపించారు. ముఖ్యమైన పని ఉంటే ఆ లింకును మీ మామూలు బ్రౌజర్‌లో తెరవండి.

"ఈ సైటు సురక్షితం కాదు" అన్న హెచ్చరికలూ వ్యాఖ్యలే కదా?

అవును, మంచి వ్యాఖ్యలు. 2018 జూలైలో క్రోమ్ 68 తాళం లేని హెచ్‌టీటీపీ సైట్లన్నిటి పక్కనా అలా రాయడం మొదలుపెట్టింది. అది అడ్రస్ బార్‌లో, బ్రౌజర్ సొంత జాగాలో ఉంటుంది, పేజీ లోపల కాదు. చెప్పేది కూడా కొలిచి చూడగలిగే విషయం, కనెక్షన్‌కు తాళం ఉందా లేదా అని.

సైటు నిజాయితీ మీద తీర్పు చెప్పడం దగ్గర నాకు సంకోచం మొదలవుతుంది. 2019 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ మొబైల్ యాప్‌లో, వార్తా సైట్ల నమ్మదగినతనాన్ని అంచనా వేసే న్యూస్‌గార్డ్ సంస్థ రేటింగులు బ్రిటన్‌కు చెందిన డైలీ మెయిల్ సైటును నమ్మదగనిదిగా చూపించాయి. పత్రిక వాళ్లు మాట్లాడాక కొద్ది రోజుల్లోనే ఆ రేటింగు మారింది. రేటింగు ఇవ్వడం తప్పు కాదు, ఇచ్చేవారు తమ ప్రమాణాలు బయటపెడితే ఇంకా మంచిది. కానీ ఏ రేటింగు సంస్థ మాట వినాలో నేనే ఎంచుకోవాలి.

అనువాదం సంగతి?

అడిగితే చేయాలి, చేసినట్టు చెప్పాలి, అసలు పాఠం ఒక్క నొక్కుతో తిరిగి రావాలి. క్రోమ్ ఈ మూడూ దాదాపు చేస్తుంది. యంత్రం ఒక "కాదు"ను మింగేస్తే రచయిత ఉద్దేశం తలకిందులవుతుంది. మందుల మోతాదు, చట్టం వంటి విషయాలైతే అసలు పాఠంతో సరిచూసుకోండి.

ఇప్పుడు బ్రౌజర్లే ఏఐతో పేజీని కుదించి చెబుతున్నాయి. అది?

ఇప్పటిదాకా చెప్పినవాటన్నిటికంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. స్మార్ట్ ట్యాగ్స్ రచయిత పదాల కింద గీత గీశాయి, పదాలను వదిలేశాయి. సారాంశం పదాలనే తీసేసి, తన పదాలు పెట్టి, రచయిత పేరు మాత్రం ఉంచుతుంది. 2024 డిసెంబరులో ఆపిల్ ఫోన్లలోని ఏఐ, బీబీసీ వార్తల నోటిఫికేషన్లను కుదించి, బీబీసీ ఎన్నడూ చెప్పని తప్పుడు వార్తను బీబీసీ పేరుతోనే చూపించింది. బీబీసీ ఫిర్యాదు చేసింది. 2025 జనవరిలో ఆపిల్ వార్తల సారాంశాలను ఆపింది. అది బ్రౌజర్‌లో జరగలేదు కానీ, రేపు బ్రౌజర్‌లో జరగబోయేదానికి అచ్చమైన నమూనా.

అడిగినప్పుడు, పక్క ప్యానెల్‌లో, ప్రతి వాక్యం పేజీలోని ఏ వాక్యం నుంచి వచ్చిందో చూపిస్తూ సారాంశం ఇస్తే నాకు అభ్యంతరం లేదు. పొడవాటి షరతుల పేజీ ముందు కూర్చున్నవారికి అది నిజమైన సాయం. పేజీ కంటే ముందే అదే కనిపించడాన్ని, పేజీ దాకా ఎవరూ వెళ్లకుండా పోవడాన్ని నేను వ్యతిరేకిస్తాను.

అయితే సైటు వాళ్లే "మార్పులు లేని బ్రౌజర్‌కే పేజీ ఇస్తాం" అంటే?

2023లో గూగుల్ ఇంజినీర్లు వెబ్ ఎన్విరాన్‌మెంట్ ఇంటెగ్రిటీ అనే ప్రతిపాదన తెచ్చారు. మీ బ్రౌజర్, మీ పరికరం నమ్మదగినవేనా అని సైటుకు ఒక మూడో పక్షం ధ్రువీకరించి చెప్పే ఏర్పాటు అది. మోసాలను, బాట్లను (మనుషుల్లా నటించే ప్రోగ్రాములను) ఆపడమే ఉద్దేశమన్నారు. అది అమలైతే ఎక్స్‌టెన్షన్లు వాడేవారిని, కొత్త బ్రౌజర్లను బయటే నిలబెట్టే వీలు ఏర్పడేది. గట్టి వ్యతిరేకత వచ్చింది, అదే ఏడాది నవంబరులో దాన్ని వదిలేశారు. కంపెనీ పేజీని పాడుచేయకూడదని నేను అనడాన్ని, చదివేవారి చేతులు కట్టేయడానికి ఎవరూ సాకుగా వాడకూడదు.

నా సైటులో నేను పెట్టని లింకులు, ప్రకటనలు కనిపిస్తున్నాయని చదివేవారు ఫిర్యాదు చేశారు. ఏం చేయాలి?

ముందు మీ సర్వర్ హ్యాక్ కాలేదని నిర్ధారించుకోండి. అదే పేజీని వేరే పరికరంలో, వేరే నెట్‌వర్క్ మీద తెరవండి. హ్యాక్ చేసినవారు కొందరికే చూపించేలా పెట్టే అవకాశం ఉంది కాబట్టి సర్వర్‌లోని ఫైళ్లను కూడా చూడండి. మీరు వాడే ప్రకటనల కోడ్, బయటి స్క్రిప్టులు కూడా అనుమానితులే.

తర్వాత ఫిర్యాదు చేసినవారిని ప్రైవేట్ విండోలో అదే పేజీ తెరవమనండి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండింటిలోనూ మామూలుగా అక్కడ ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. లింకులు మాయమైతే దోషం ఏదో ఒక ఎక్స్‌టెన్షన్‌ది. ఒక్కొక్కటిగా ఆఫ్ చేస్తూ పోతే దొరుకుతుంది. కంప్యూటర్‌లో అయితే "పేజీ సోర్స్ చూడు" అన్నది సర్వర్ పంపిన పాఠాన్ని చూపిస్తుంది. "ఇన్‌స్పెక్ట్" అన్నది మార్పులన్నీ జరిగాక మిగిలిన పేజీని చూపిస్తుంది. రెండోదానిలో ఉండి మొదటిదానిలో లేని లింకు బ్రౌజర్‌లో పుట్టిందే. దాన్ని పెట్టింది మీ సైటులోని స్క్రిప్టు కావచ్చు, వాళ్ల ఎక్స్‌టెన్షన్ కావచ్చు.

కంటెంట్ సెక్యూరిటీ పాలసీ (మీ పేజీలో ఏ స్క్రిప్టులు నడవవచ్చో బ్రౌజర్‌కు చెప్పే నియమాలు) పెట్టుకోండి, దారి తప్పిన స్క్రిప్టులను అది ఆపుతుంది. ఎక్స్‌టెన్షన్లను మాత్రం ఆపుతుందని ఆశించకండి, వాడుకరి ఎంచుకున్నవాటికి అడ్డు రాకూడదని ఆ ప్రమాణమే చెబుతోంది. ఫలానా ఎక్స్‌టెన్షన్ తనంతట తాను లింకులు చేరుస్తోందని తేలితే, రెండు తెరల స్క్రీన్‌షాట్లూ జతచేసి బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ స్టోర్‌లో ఫిర్యాదు పెట్టండి. ఫిర్యాదు చేసిన పాఠకుడికి కూడా ఆ ఎక్స్‌టెన్షన్ పేరు చెప్పి, తీసేసుకోమనండి.